పట్టాల పక్కన పేట



ఈవేళ మనం మాట్లాడుకోబోయేది రైలు గురించి కాదు, రైలు పక్కనున్న నేల గురించి. "ఆ సంగతి ఇంజనీర్లకీ సర్కారుకీ గాని మనకెందుకమ్మా?" అని మీలో కొందరు అనుకోవచ్చు. కాని కాస్త ఆలోచించి చూడండి. కూరలకు ఎంత దూరం నడవాలి, చీకటిపడ్డాక ఆడపిల్ల ట్యూషన్ నుంచి ఏ దారిన ఇంటికి రావాలి, వచ్చే ఏడు ఇంటి అద్దె ఎంత పెరుగుతుంది, ఇవన్నీ ఆ నేల మీద ఏం కడతారన్న దాన్ని బట్టే తేలుతాయి. మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి.నగర్ దాకా ఉన్న మన తూర్పువైపు వాళ్ళకి ఇది ఇప్పుడు మరీ దగ్గరి విషయం.

అసలు రైలు పక్క జాగాలు ఎందుకు పాడుబడతాయో ముందు చెప్పుకుందాం. పూర్వం బొగ్గూ, ధాన్యం, కలపా అన్నీ రైలు మీదే ఊళ్ళోకి వచ్చేవి. అందుకని స్టేషను పక్కన గిడ్డంగులు, సరుకు దించే యార్డులు, సిబ్బంది క్వార్టర్లు కట్టేవారు. అప్పటికది ఊరి చివర. తరవాత ఊరు పెరిగి దాన్ని దాటిపోయింది. సరుకేమో లారీలకు మళ్ళింది. గిడ్డంగులకు తాళాలు పడ్డాయి. దాంతో ఊరి నడిబొడ్డున బంగారంలాంటి నేల, చుట్టూ గోడ, గోడ వెనక పిచ్చిమొక్కలు మిగిలాయి. ఇవతలివాళ్ళు అవతలికి పోవాలంటే చుట్టు తిరగాలి, లేదంటే చీకటి వంతెన కిందినుంచి దూరాలి. మన ఇళ్ళల్లో విరిగిన కుర్చీలూ పాత ట్రంకులూ పడేసే గది ఉంటుంది చూడండి, అది ఇంటి మధ్యలో వచ్చిందనుకోండి, ఇల్లు ఇల్లంతా దాన్ని తప్పుకుని తిరగాల్సి వస్తుంది. ఇదీ అంతే.

మన మలక్‌పేటనే చూడండి. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా వెళ్ళే రైలు లైను పేటను రెండుగా చీల్చుకుంటూ పోతుంది. ఆ రైలు వంతెన కిందినుంచే బస్సులూ, ఆటోలూ, నడిచేవాళ్ళూ అందరూ దూరి రావాలి. గట్టి వాన పడితే అక్కడ నీళ్ళు నిలిచి రెండువైపులా రాకపోకలు ఆగిపోవడం ఈ ప్రాంతం వాళ్ళకి కొత్తేం కాదు. 2023 ఆగస్టులో అమృత భారత్ స్టేషన్ల పథకం కింద తెలంగాణలో 21 స్టేషన్ల పునర్నిర్మాణానికి శంకుస్థాపన జరిగితే, అందులో మలక్‌పేట కూడా ఉంది. మంచిదే. అయితే స్టేషనుకు కొత్త ముఖద్వారం, కొత్త బెంచీలు వేయడం ఒక ఎత్తు. స్టేషను చుట్టూ మనుషులు బతకదగ్గ పేట ఏర్పడటం ఇంకో ఎత్తు. ఈ రెండో పని ఎలా జరుగుతుందో తెలియడానికి పరాయి దేశం సంగతి ఒకటి చెబుతాను.

లండన్ నగరంలో కింగ్స్ క్రాస్ అని పెద్ద రైలు స్టేషను. దాని వెనక 67 ఎకరాల రైల్వే భూమి. ఒకప్పుడు అక్కడ బొగ్గు దించే షెడ్లు, గోధుమలు నిలవచేసే పెద్ద గాదె, వంట గ్యాసు నింపే ఇనుప ట్యాంకులు ఉండేవి. తరవాత తరవాత అవన్నీ మూలపడి, ఆ చుట్టుపక్కలకి రాత్రిపూట వెళ్ళడానికి జనం జంకేవారు. 2006లో అక్కడ కొత్త పేట కట్టడానికి అనుమతి వచ్చింది. వాళ్ళు చేసిన పనిలో మనం గమనించాల్సింది ఏమంటే, అంతా కూలగొట్టి నున్నగా చదును చెయ్యలేదు. గోధుమల గాదెను బాగుచేసి 2011లో చిత్రకళల కళాశాలకిచ్చారు. బొగ్గు షెడ్లను దుకాణాలు చేసి 2018లో తెరిచారు. గ్యాసు ట్యాంకుల ఇనుప చట్రాలను అలాగే ఉంచి, వాటి లోపల ఇళ్ళు కట్టారు. 20 కొత్త వీధులు, 10 దాకా పార్కులూ మైదానాలూ, 2 వేలకు దగ్గరగా ఇళ్ళు, వాటి పక్కనే ఆఫీసులూ, బడులూ ప్రణాళికలో పెట్టారు. పిల్లలు నీళ్ళలో ఆడుకునే ఫౌంటెన్ల మైదానం కూడా ఉంది, టిక్కెట్టు లేదు.

దీన్నే మిశ్రమ వినియోగం అంటారు. పేరు పెద్దది గాని, విషయం మనకు తెలిసిందే. కింద మడిగె, పైన ఇల్లు, పక్కసందులో బడి, మలుపులో గుడో మసీదో, చెట్టు కింద అరుగు. మన సుల్తాన్ బజారు, బేగంబజారు, సికింద్రాబాద్ స్టేషనుకు దగ్గరలోని మోండా మార్కెట్ పేట, ఇవన్నీ అలా పెరిగినవే. పొద్దస్తమానం ఎవరో ఒకరు మసలుతుంటారు కాబట్టి ఆడవాళ్ళకి భయం తక్కువ. పగలు ఆఫీసులు మాత్రమే ఉన్న వీధి రాత్రికి నిర్మానుష్యం అవుతుంది. ఇళ్ళు మాత్రమే ఉన్న కాలనీలో అగ్గిపెట్టె కావాలన్నా బండి తియ్యాలి. అన్నీ కలిసి ఉంటే రెండు బాధలూ ఉండవు.

లండన్‌లో అంతా పాలూ నీళ్ళలా కలిసిపోయిందని కాదు. మామూలు సంపాదనపరులకు అందే ఇళ్ళు ముందు చెప్పినన్ని రాలేదని అక్కడా విమర్శలు వచ్చాయి. ఆ సంగతి కూడా మనం గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే పేట బాగుపడగానే మొదట పెరిగేది అద్దె. అద్దె పెరగ్గానే ముందుగా కదిలిపోవాల్సి వచ్చేది, ఆ పేటను ఇన్నాళ్ళూ నిలబెట్టిన చిన్న సంసారాలే.

ఇక మన దారికి వద్దాం. మన తూర్పువైపు ఏమీ నిన్న మొన్న పుట్టింది కాదు. సరూర్‌నగర్ చెరువు 1626 నాటిది. మూసారాంబాగ్‌కు ఆ పేరు నిజాం కొలువులో ఉండి 1798లో పోయిన ఫ్రెంచి సేనాపతి మాన్స్యూర్ రేమాన్ వల్ల వచ్చిందని చెబుతారు. మన నోళ్ళలో ఆయన మూసారాం అయ్యాడు. మలక్‌పేటకు గుర్రప్పందేలు 1886లో వచ్చాయి. ఆ తరవాతెప్పుడో దిల్‌సుఖ్‌నగర్ కాలనీలు, చైతన్యపురి, కొత్తపేట, లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు పెట్టుకున్న ఎల్.బి.నగర్. విజయవాడ, నల్లగొండ, ఖమ్మం బస్సులు మనకు ఎల్.బి.నగర్ చౌరస్తాలోనే ఎదురవుతాయి. ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళకి హైదరాబాదు అక్కడే మొదలవుతుంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకూ, హాస్టళ్ళకూ, చీరల కొట్లకూ పెట్టింది పేరు.

ఈ దారి మీదికి మెట్రో రైలు 2018 సెప్టెంబరు 24న వచ్చింది. ఆనాడు అమీర్‌పేట – ఎల్.బి.నగర్ భాగం ప్రారంభించారు. దాంతో మియాపూర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు పూర్తయ్యాయి. మన వైపు మలక్‌పేట, న్యూ మార్కెట్, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి.నగర్. రెండు బస్సులు మారి రెండు గంటలు పట్టే ప్రయాణం గంటలోపు అయింది. ఇది చిన్న మేలు కాదు.

లండన్‌లో రైలు నేల మీద ఉంది. పాడుబడ్డ యార్డు గోడ వెనక ఉంది. మనకు మెట్రో నడినెత్తిన, స్తంభాల మీద పోతుంది. కాబట్టి పాడుబడే జాగా కూడా వేరే తీరుగా పుడుతుంది. ఎలాగంటే, స్టేషను మెట్ల కింద చీకటి, స్తంభాల మధ్య దుమ్ము, మెట్ల పక్కన బళ్ళు నిలిపే ఆవరణ, మెట్లు దిగగానే విరిగిన ఫుట్‌పాత్. రైలు కొత్తదే గాని, దాని నీడ అప్పుడే పాతబడిపోతోందన్నమాట.

మరి ఈ జాగాల సంగతి ముందు ఆలోచించలేదా అంటే, ఆలోచించారు. 2010లో ప్రభుత్వం ఎల్ అండ్ టి సంస్థతో మెట్రో ఒప్పందం చేసుకున్నప్పుడు, రైలుతో పాటు 269 ఎకరాల నేలను వాడుకునే హక్కు కూడా ఇచ్చింది. అందులో 212 ఎకరాలు రైళ్ళు నిలిపే డిపోల దగ్గర, మిగతా 57 ఎకరాలు స్టేషన్ల దగ్గర పార్కింగుకూ రాకపోకలకూ ఉద్దేశించినవి. వాటి మీద 1 కోటీ 85 లక్షల చదరపుటడుగుల కట్టడాలు కట్టుకోవచ్చునన్నారు. వచ్చే ఆదాయంలో సుమారు సగం టిక్కెట్ల మీద, 45 శాతం ఈ కట్టడాల అద్దెల మీద, తక్కిన 5 శాతం ప్రకటనల మీద వస్తుందని లెక్క.

ఈ ఏర్పాటు వెనక న్యాయం ఉంది. టిక్కెట్టు డబ్బుతోనే రైలు నడపాలంటే టిక్కెట్టు ధర మనం భరించలేం. రైలు వచ్చినందువల్ల చుట్టుపక్కల భూమి విలువ పెరుగుతుంది. ఆ పెరిగిన విలువలో కొంత రైలు ఖర్చుకే పెడితే టిక్కెట్టు అందుబాటులో ఉంటుంది. హాంకాంగ్‌లో రైలు సంస్థ ఎన్నో ఏళ్ళుగా ఇదే పద్ధతిలో స్టేషన్ల మీదా, డిపోల మీదా ఇళ్ళు కట్టి బండి లాగుతోంది. పెరట్లో కొబ్బరిచెట్టు ఉన్నవాళ్ళు కాయలమ్మి ఇంటిపన్ను కట్టుకున్నట్టు.

కాని మన దగ్గర ఏం జరిగిందంటే, పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మన మూసారాంబాగ్, ఈ నాలుగు చోట్లా మాల్స్ లేచాయి. అనుకున్న కోటీ ఎనభై అయిదు లక్షల చదరపుటడుగుల్లో చాలా భాగం కట్టనే లేదు. మాల్ వద్దనడం లేదు. ఎండాకాలం పిల్లల్ని తీసుకుని చల్లగా ఒక పూట గడిపి రావచ్చు. కాని మాల్ పేట కాదు. మాల్‌లో పావుకిలో పచ్చిమిరపకాయలు బేరమాడి కొనలేం. కూర్చోవాలంటే ఏదో ఒకటి కొనాలి. రాత్రి షట్టరు దించితే దాని చుట్టూ వీధి చీకటే. అందులో ఎవరూ కాపురం ఉండరు, కాబట్టి ఆ వీధికి కాపలా చూపు ఉండదు.

రైలు దారి పక్కన జాగా ఇంకో రకంగా కూడా మారవచ్చు. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ మనందరికీ తెలిసిందే. మామిడికాయల కాలంలో లారీలతో ఆ రోడ్డు కదిలేది కాదు. 2021-22లో ఆ మార్కెట్‌ను ఊరి బయట బాటసింగారానికి తరలించారు. ఆ స్థలంలో పెద్ద ప్రభుత్వాసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. మెట్రో దగ్గర ఆసుపత్రి రావడం తెలివైన పనే. నల్లగొండ దిక్కునుంచి వచ్చే రోగికీ, వెంట వచ్చే తల్లికీ ఆటో ఖర్చు తప్పుతుంది. కాని అదే సమయంలో, ఆ మార్కెట్ గేటు ముందు గంపలో బత్తాయిలు పెట్టుకుని బతికిన ఆడవాళ్ళు ఎక్కడికి పోయారు? ఆసుపత్రి ముందు రోగులకు పండ్లమ్ముకునే చోటు వాళ్ళకి నకషాలోనే చూపించవచ్చు గదా. జాగా మార్చేటప్పుడు ఎవరు కూడా ఈ ప్రశ్న అడగకపోతే, జవాబు రాదు.

ఇంకొక మాట. ఖాళీగా కనిపించే ప్రతి జాగా ఖాళీ కాదు. విక్టోరియా మెమోరియల్ స్టేషనుకు ఆ పేరు అక్కడి అనాథ బాలల ఆశ్రమాన్ని బట్టి వచ్చింది. అది ఆరో నిజాం నాటి సంస్థ. అటువంటి చోట చెట్లూ మైదానమూ చూసి "ఇంత జాగా ఊరికే పడి ఉంది" అనే చూపు మంచిది కాదు. తల్లీతండ్రీ లేని పిల్లలు ఆడుకునే నేల పాడుబడ్డ నేల కాదు. ఏది పాడుబడింది, ఏది ఊపిరి పీల్చుకుంటోంది అన్నది పేట కట్టేవాళ్ళకి ముందు తెలియాలి.

సరే, మన స్టేషన్ల చుట్టూ నిజంగా పేట కావాలంటే ఏమేం ఉండాలి? నా లెక్కన అయిదు ఉన్నాయి.

మొదటిది నడిచే దారి. కేంద్ర ప్రభుత్వం 2017లో స్టేషన్ల చుట్టూ అభివృద్ధికి ఒక విధానం ప్రకటించింది. స్టేషనుకు 500 నుంచి 800 మీటర్ల లోపు, అంటే పది పన్నెండు నిమిషాల నడక దూరాన్ని ఆ స్టేషను పేటగా చూడాలని అందులో ఉంది. మరి చేతిలో సంచీ, చంకలో పిల్ల ఉన్న మనిషి పన్నెండు నిమిషాల్లో చేరాలంటే ఫుట్‌పాత్ ఉండాలి, దాని మీద లైటు ఉండాలి, రోడ్డు దాటే చోటు ఉండాలి. ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఫ్లై ఓవర్లూ, అండర్‌పాస్‌లూ వచ్చి బళ్ళకు దారి సుఖమైంది. కాలినడకన దాటే ముసలమ్మకు కూడా అంత సుఖం కావాలి.

రెండోది బస్సు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు. కాబట్టి చాలామంది కొంత దూరం బస్సు, కొంత దూరం మెట్రో అని లెక్కవేసుకుంటున్నారు. బస్సు స్టాపు ఒకచోట, మెట్రో మెట్లు ఇంకోచోట ఉంటే ఆ లెక్క చెడుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆర్టీసీ డిపో స్టేషనుకు దగ్గరే ఉంది. ఈ రెంటినీ ఒక నీడ కింద కలిపితే సగం పేట అక్కడే తయారవుతుంది.

మూడోది చిన్న ఇళ్ళు. ఆ 2017 విధానంలోనే, స్టేషన్ల చుట్టూ కట్టే కట్టడాల్లో కనీసం 30 శాతం పేదలకూ మధ్యతరగతికీ అందే ఇళ్ళకి కేటాయించాలన్న మాట ఉంది. కోచింగ్‌కి వచ్చే ఆడపిల్లల హాస్టళ్ళు, ఉద్యోగినులకు గదులు, ఇద్దరు ముగ్గురుండే చిన్న వాటాలు స్టేషను దగ్గర కట్టాలి. కారున్నవాడికి స్టేషను దగ్గర ఇల్లు ఎందుకు? రైలు అవసరం ఎవరికుందో ఇల్లు వాళ్ళకి దగ్గరుండాలి.

నాలుగోది బండ్లవాళ్ళు. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ అంటే పిన్నీసులూ, గాజులూ, జాకెట్టు గుడ్డలూ, మిర్చిబజ్జీలూ. మెట్రో పేరు చెప్పి వాళ్ళను ఊడ్చేస్తే మనకే నష్టం. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్ళ లెక్క రాయాలి, గుర్తింపు ఇవ్వాలి, లెక్క రాయకుండా ఖాళీ చేయించకూడదు. వెండింగ్ కమిటీలో 40 శాతం వ్యాపారుల ప్రతినిధులు, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. మెట్ల దారికి అడ్డం రాకుండా గీతలు గీసి, నీళ్ళూ చెత్తకుండీ ఇస్తే, ఆ బండ్ల దీపాలే మన పిల్లలకు రాత్రి కాపలా.

అయిదోది చెప్పుకోవడానికి సంకోచపడతాం గాని, అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది. శుభ్రమైన మరుగుదొడ్డి, పసిపిల్లకు పాలిచ్చే చోటు, డబ్బు పెట్టకుండా కూర్చోగల బెంచీ. ఇవి లేక ఎంతమంది ఆడవాళ్ళు పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా బయట తిరుగుతారో మనకు తెలుసు. నకషా గీసేటప్పుడే వీటికి చోటు పెట్టకపోతే, తరవాత ఏ మూలా దొరకదు.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నిర్ణయాలు జరిగే కాలం ఇదే. 2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం మెట్రో మొదటి దశను ఎల్ అండ్ టి నుంచి తన చేతుల్లోకి తీసుకోవడానికి ఒప్పుకుంది. దానితో పాటు సుమారు 13 వేల కోట్ల రూపాయల అప్పు కూడా నెత్తిన పెట్టుకోవాలి. అంత అప్పు ఉన్న ఇంట్లో ఏం జరుగుతుందో మనకు వేరే చెప్పాలా? ముందుగా కళ్ళబడేది అమ్మదగ్గ జాగా. ఎక్కువ పాడినవాడికి ఇచ్చేస్తే ఒక్కసారి డబ్బొస్తుంది, ఆ పైన అక్కడ ఏం వచ్చినా మన మాట చెల్లదు. నేలను ప్రభుత్వం చేతిలోనే ఉంచుకుని, షరతులు పెట్టి లీజుకిస్తే అద్దె ఏటేటా వస్తుంది, ఇళ్ళూ బడులూ బజార్లూ కూడా వస్తాయి.

ఇంకా, 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం మెట్రో రెండో దశకు 76.4 కిలోమీటర్ల ప్రతిపాదన కేంద్రానికి పంపింది. అందులో నాగోలు నుంచి ఎల్.బి.నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా విమానాశ్రయానికి ఒక లైను, ఎల్.బి.నగర్ నుంచి హయత్‌నగర్‌కు 7 కిలోమీటర్ల లైను ఉన్నాయి. అవి వస్తే ఎల్.బి.నగర్ పెద్ద జంక్షను అవుతుంది. ఇప్పుడు దాని చుట్టూ ఉన్న ప్రతి గజానికీ కన్నేసేవాళ్ళు చాలామంది ఉంటారు. మనం కూడా ఒక కన్ను వేసి ఉంచాలి.

మనం చేయగలిగింది ఏమిటంటారా? కాలనీ సంక్షేమ సంఘం సమావేశాలకు మగవాళ్ళనే పంపకుండా మనం వెళ్ళాలి. స్టేషను దగ్గర ఏదైనా కట్టబోతున్నారంటే నకషా చూపించమని అడగాలి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టవచ్చు. భూ వినియోగం మారుస్తామని ప్రకటన వస్తే, అభ్యంతరాలకు గడువిస్తారు. ఆ గడువులో నలుగురం సంతకాలు పెట్టి రాసివ్వాలి. రాసేటప్పుడు "అభివృద్ధి కావాలి" అని మాత్రం రాయకండి, అది వాళ్ళూ అంటారు. "ఫలానా మెట్ల దగ్గర మరుగుదొడ్డి, ఫలానా సందులో లైటు, ఇన్ని చిన్న ఇళ్ళు, ఇన్ని బండ్లకు చోటు" అని లెక్కగా రాయండి. బజారుకు చీటీ రాసిచ్చినట్టు. చీటీలో లేని వస్తువు ఇంటికి రాదు గదా.

ఈ వారం మీ స్టేషను మెట్లు దిగేటప్పుడు ఒక్క నిమిషం ఆగి, అటూ ఇటూ చూసి, ఆ చీటీ మొదలుపెట్టండి. ఇరుగుపొరుగు వాళ్ళను కూడా అడగండి, మీకు తోచనివి వాళ్ళకి తోస్తాయి.